ఆర్‌వీ ప్రయాణంలో దంపతులకు రెండు పడకలు అమర్చుకోవడం ఎలా?

ఆర్‌వీ అంటే పడకలు, వంటగది, బాత్‌రూమ్ లోపలే ఉండే ప్రయాణపు బండి. మార్చి నెల దాటగానే నన్ను చాలామంది అడిగే ప్రశ్న ఒకటే. “ఆర్‌వీ అద్దెకు తీసుకుని ఎల్లోస్టోన్ నేషనల్ పార్కుకు వెళ్దామనుకుంటున్నాం. ఆయన గురకకు ఇంట్లో నేను పక్క గదిలో పడుకుంటాను. ఆ బండిలో పక్క గది ఎక్కడుంటుంది?” కొందరు ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నల కోసమో అత్తమామల కోసమో అడుగుతారు. చాలామంది గొంతు తగ్గించి అడుగుతారు. తగ్గించనక్కర్లేదు. మన ఊళ్లలో వేసవి వస్తే డాబా మీద ఎవరి నవారు మంచం వాళ్లదే. తాతయ్య మంచం ఒక మూల, నానమ్మ మంచం ఇంకో మూల ఉండేవి. వాళ్ల కాపురం గురించి ఎవరూ ఏమీ అనుకోలేదు.

అమెరికాలో ఆర్‌వీ అద్దెకు తీసుకునేవాళ్ల కోసం, సొంతంగా కొనుక్కుందామని చూస్తున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. మా వారికి గురక, ఆ తర్వాత సీప్యాప్ యంత్రం (నిద్రలో ఊపిరి ఆగకుండా మాస్కు ద్వారా గాలి పంపేది). నాకు చీమ చిటుక్కుమన్నా మెలకువ వస్తుంది. మొదటి ప్రయాణంలో “ఏడు రాత్రులేగా, సర్దుకుందాంలే” అనుకున్నాం. మూడో రోజు మధ్యాహ్నం స్టీరింగ్ దగ్గర ఆయన కళ్లు మూసుకుపోవడం పక్క సీట్లోంచి చూశాను. 25 అడుగుల బండిని కొండదారిలో నడిపే మనిషికి నిద్ర చాలకపోవడం చిన్న విషయం కాదు. అందుకే చెబుతున్నాను: రెండో పడకను కూడా మొదటి పడకంత శ్రద్ధగా ఎంచుకోండి. వీలైతే అది రోజూ కట్టి, విప్పే పడక కాకూడదు.

కావలసినవి

- కొలత టేపు; మీ ఇద్దరి ఎత్తు, బరువు రాసుకున్న కాగితం
- అద్దెకు తీసుకునే బండి ఫ్లోర్ ప్లాన్, అందులోని ప్రతి పడక పొడవు, వెడల్పు, అది మోయగల బరువు
- 2 లేదా 3 అంగుళాల ఫోమ్ టాపర్ (పరుపు మీద పరిచే మెత్త), ఒక మందపాటి బొంత, నాలుగు పాత తువ్వాళ్లు
- ఎవరి దుప్పటి, ఎవరి దిండు వాళ్లకు
- చిన్న స్పిరిట్ లెవెల్, చక్రాల కింద పెట్టే లెవెలింగ్ దిమ్మెలు
- రెండు చిన్న థర్మామీటర్లు
- ముదురు రంగు తెర, దాన్ని కట్టే కడ్డీ
- మనిషి కదిలితే వెలిగే ఎర్ర లైటు ఒకటి
- చెవి ప్లగ్గులు
- సీప్యాప్ వాడేవాళ్లకు: ఆ యంత్రం తయారీదారు చెప్పిన 12 వోల్టుల అడాప్టర్, డిస్టిల్డ్ వాటర్, గోడ ప్లగ్గులో పెట్టే వాట్ మీటరు

1. ఎందుకు వేరుగా పడుకుంటున్నారో ముందు తేల్చుకోండి

ఏ బండి కావాలన్నది కారణాన్ని బట్టి ఉంటుంది. ఒకరు దొర్లితే ఇంకొకరికి మెలకువ వస్తుందా? అయితే పక్కపక్కనే రెండు విడి పరుపులున్నా చాలు. ఒకరికి చలి, ఒకరికి ఉక్కా? రెండు దుప్పట్లతోనే సగం సమస్య తీరుతుంది. ఒకరు పదింటికి పడుకుని, ఇంకొకరు ఒంటిగంట దాకా ఫోను చూస్తారా? మధ్యలో తెర ఉండాలి. గురక అయితే తలుపూ, దూరమూ రెండూ కావాలి. ఆర్‌వీ లోపలి గోడలు పలచన. తలుపు వేసినా గురక పూర్తిగా ఆగదు, తగ్గుతుంది. ఆ తగ్గినది కూడా వినపడకుండా ఉండాలంటే మీ తలకూ వాళ్ల తలకూ మధ్య బండిలో వీలైనంత పొడవు ఉండాలి.

ఒక హెచ్చరిక. గురక మధ్యలో ఊపిరి కొన్ని క్షణాలు ఆగి, ఒక్కసారిగా ఎగశ్వాసలా మొదలవుతుంటే, పగలు కూర్చున్నచోటే కునుకు వస్తుంటే పడకలు మార్చినంత మాత్రాన చాలదు. ప్రయాణానికి ముందే డాక్టరుకు చూపించండి. స్లీప్ ఆప్నియా (నిద్రలో ఊపిరి ఆగే జబ్బు) ఉన్న మనిషిని దూరంగా పడుకోబెట్టి, నిద్ర చాలకుండానే మర్నాడు బండి నడపనివ్వడం ప్రమాదం.

2. రెండు పడకలూ సిద్ధంగా ఉండే బండిని ఎంచుకోండి

ఎక్కువ సమయం పెట్టాల్సింది ఇక్కడే. ప్రకటనలో “ఆరుగురు పడుకోవచ్చు” అని ఉంటే ఆరు పడకలున్నాయని కాదు. వెనక ఒక పెద్ద పడక, డ్రైవరు క్యాబిన్ పైన ఒకటి, భోజనం బల్లను విప్పితే వచ్చేది ఒకటి అన్నమాట. మూడింటికీ చాలా తేడా ఉంది.

క్లాస్ సీ బండి: క్యాబిన్ పైన ముందుకు పొడుచుకు వచ్చిన పడక ఉండే రకం. అద్దెకు ఎక్కువగా దొరికేది ఇదే. వెనక పడకకూ పై పడకకూ మధ్య బండి పొడవంతా ఉంటుంది కాబట్టి గురక సమస్యకు మంచి ఏర్పాటు. పై పడకను రోజూ కట్టి విప్పనక్కర్లేదు. అయితే నిచ్చెన ఎక్కాలి. పైన లేచి నిటారుగా కూర్చోవడానికి చోటుండదు. రాత్రి రెండుసార్లు బాత్‌రూమ్‌కు వెళ్లాల్సిన వాళ్లకు, మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు ఇది ఇవ్వకండి. అరవై దాటిన అమ్మానాన్నలైతే ఈ పడక లేదనే అనుకుని లెక్క వేసుకోండి.

బంక్ పడకలున్న ట్రావెల్ ట్రైలర్: ఒక చివర తలుపున్న పడకగది, ఇంకో చివర ఒకదానిమీద ఒకటి రెండు సన్నటి పడకలు ఉంటాయి. వీటిని పిల్లల కోసం చేస్తారు గాని, ఒక మనిషికి కింది బంక్ చక్కగా సరిపోతుంది. నా మనసుకు నచ్చిన ఏర్పాటు ఇదే. కింది బంక్ నాది, పై అరలో నా సామాను, ఎదురుగా తెర. వెడల్పు తక్కువ, చాలావాటికి 28, 30 అంగుళాలే. బరువు పరిమితి పడక పక్కనే స్టిక్కరు మీద రాసి ఉంటుంది, చదవండి. ట్రైలర్‌ను లాగడానికి సరిపడే వాహనం మీకు ఉండాలన్నది వేరే చెప్పనక్కర్లేదు.

రెండు ట్విన్ పడకల బండి: కొనుక్కునేవాళ్లు ముందుగా చూడాల్సింది ఇది. ఎయిర్‌స్ట్రీమ్ ట్రైలర్లలో కొన్ని మోడళ్లు ట్విన్ పడకలతో వస్తాయి. క్యాంపర్ వ్యాన్లలో విన్నెబేగో ట్రవాటో 59కెలో అటొకటి ఇటొకటి రెండు పడకలుంటాయి, కావాలంటే కలుపుకోవచ్చు. దొర్లడం, చలి, వేళల తేడా, వీటన్నిటికీ ట్విన్ పడకలు బాగా పనికొస్తాయి. గురకకు మాత్రం పనికిరావు. మధ్యలో ఉండేది అడుగున్నర, రెండడుగుల దారే.

చిన్న క్యాంపర్ వ్యాన్, టియర్‌డ్రాప్ ట్రైలర్: ఒకే పడక ఉంటుంది. రెండోది మీరే బయట ఏర్పాటు చేసుకోవాలి. కింద 5వ భాగం చదివాకే వీటి జోలికి వెళ్లండి.

ఆర్‌వీషేర్, అవుట్‌డోర్సీ లాంటి వెబ్‌సైట్లలో యజమానులే తమ బండ్లు అద్దెకు ఇస్తారు కాబట్టి బంక్ ట్రైలర్లు, ట్విన్ పడకల వ్యాన్లు అక్కడ సులువుగా దొరుకుతాయి. యజమానికి ఈ నాలుగు ప్రశ్నలు రాసి పంపండి:

- బల్లను విప్పకుండా, సోఫాను మడవకుండా ఇద్దరు వేర్వేరుగా పడుకునే చోట్లు ఎన్ని?
- స్లైడ్ అవుట్‌లు (బండి ఆగాక చోటు కోసం బయటికి జరిపే గది భాగాలు) లోపలికి తోసి ఉన్నప్పుడు రెండు పడకల దగ్గరికీ, బాత్‌రూమ్‌కూ వెళ్లగలమా?
- పడకగదికి ఉన్నది గట్టి తలుపా, గుడ్డ తెరా?
- ప్రతి పడక దగ్గరా కరెంటు ప్లగ్గు ఉందా? బయటి కనెక్షన్ లేనప్పుడు అది పనిచేస్తుందా?

రెండో ప్రశ్నను అందరూ మరిచిపోతారు. దారిలో ఒక రాత్రి ట్రక్ స్టాప్‌లోనో పార్కింగ్ స్థలంలోనో ఆగాల్సివస్తే స్లైడ్ అవుట్‌లు తెరవడానికి వీలుండకపోవచ్చు. అవి మూసి ఉంటే కొన్ని బండ్లలో వెనక పడక సగానికి మడత పడుతుంది, కొన్నింటిలో గది తలుపే తెరుచుకోదు. ఆ రాత్రి ఇద్దరూ ఒకే సోఫా మీద పడుకోవాలి.

3. టేపు పెట్టి కొలవండి

ఇంట్లో వాడే క్వీన్ పరుపు 60 అంగుళాల వెడల్పు, 80 అంగుళాల పొడవు. ఆర్‌వీలో క్వీన్ అని రాసి ఉన్నది చాలాసార్లు 74, 75 అంగుళాల పొడవే ఉంటుంది. ఆరడుగుల మనిషి అంటే 72 అంగుళాలు. దిండు పెట్టుకుంటే పాదాలు గోడకు తగులుతాయి. బల్ల పడక ఇంకా చిన్నది. మీ ఎత్తుకు కనీసం 4 అంగుళాలు ఎక్కువ ఉన్న పడకే మీ పడక. అద్దె బండి ఫొటోలు చూసి అంచనా వేయకండి. వెడల్పు కనిపించే కెమెరాతో తీసిన ఫొటోలో బంక్ కూడా హాలులా కనిపిస్తుంది.

4. ఎవరెక్కడ పడుకోవాలో ముందే నిర్ణయించుకోండి

పెద్ద పడక పెద్దవాళ్లకు, చిన్నది సర్దుకునేవాళ్లకు అని మన ఇళ్లలో మర్యాద లెక్క ఒకటుంటుంది. దాన్ని ఈ ప్రయాణం వరకు పక్కన పెట్టండి. ఇలా చూసుకోండి:

గురక పెట్టేవాళ్లు తలుపున్న గదిలోకి. తెల్లవారకముందే లేచి కాఫీ పెట్టుకునేవాళ్లు వంటగదికి దగ్గరగా. రాత్రి లేచేవాళ్లు బాత్‌రూమ్ పక్కన, నేల మీద కాళ్లు ఆనే పడకలో. సీప్యాప్ ఉన్నవాళ్లు కరెంటు ప్లగ్గు దగ్గర. చలికి తట్టుకోలేనివాళ్లు పైన. వేడి గాలి పైకి చేరుతుంది కాబట్టి పై పడక చాలాసార్లు వెచ్చగానే ఉంటుంది, ఒక్కోసారి మరీ ఎక్కువగా.

బల్ల పడకే రెండో పడక అయితే ఒకటి గుర్తుంచుకోండి. అక్కడ పడుకునే మనిషి అందరి భోజనాలూ ముగిసేదాకా పడుకోలేరు, అందరికంటే ముందు లేవాలి. ఇంట్లో అందరికంటే తక్కువ నిద్రపోయే మనిషి అమ్మే అయితే అమ్మను అక్కడ పడుకోబెట్టకండి.

5. క్యాంప్ స్థలాన్ని పడకకు తగ్గట్టు ఎంచుకోండి

“ఒకరం బండిలో, ఒకరం బయట గుడారంలో పడుకుంటే సరి” అని చాలామంది అనుకుంటారు. మంచి ఉపాయమే, కానీ అన్నిచోట్లా చెల్లదు. ఎల్లోస్టోన్‌లో కరెంటు, నీళ్లు, మురుగు కనెక్షన్లు మూడూ ఉన్న ఏకైక స్థలం ఫిషింగ్ బ్రిడ్జ్ ఆర్‌వీ పార్కు. అక్కడ గ్రిజ్లీ ఎలుగుబంట్లు తిరుగుతాయి. అందుకని గట్టి గోడలున్న బండ్లకే అనుమతి. గుడారాలు వేయనివ్వరు, గుడ్డ గోడలుండే పాప్-అప్ ట్రైలర్లను కూడా రానివ్వరు. ఆర్‌వీ పక్కన గుడారం వేసుకుందామనే లెక్కతో అక్కడ బుక్ చేసుకుంటే ఒక మనిషికి పడక లేనట్టే.

గుడారం వేయనిచ్చే చోట్ల కూడా స్థలానికి ఎంతమంది, ఎన్ని గుడారాలు అన్న నియమం ఉంటుంది. బుక్ చేసేటప్పుడే చూడండి. ఎలుగుబంట్లున్న చోట గుడారంలో తినే వస్తువే కాదు, టూత్‌పేస్టు, కొబ్బరినూనె సీసా కూడా ఉంచకూడదు. వాసన వచ్చేవన్నీ అక్కడిచ్చే ఇనుప పెట్టెలో పెట్టాలి. గుడారంలో పడుకునేవాళ్లకు నేల మీద చాప చాలదు. ఒక మడత మంచం, దానిమీద చలి ఆపే ప్యాడ్, ఆ పైన స్లీపింగ్ బ్యాగ్ ఉండాలి. ఫిషింగ్ బ్రిడ్జ్ ప్రాంతం సుమారు 7,800 అడుగుల ఎత్తున ఉంది. అంత ఎత్తున జులైలో కూడా రాత్రి గడ్డకట్టే చలి రావచ్చు.

ట్రైలర్‌ను లాగే కారులో వెనక సీట్లు మడిచి పడుకోవడం ఇంకో దారి. కిటికీ వేలెడు తెరిచి, ఇంజిన్ ఆపి పడుకోండి. వేడి కోసం ఇంజిన్ నడుపుతూ నిద్రపోకండి. కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుకు వాసన ఉండదు.

సీప్యాప్ ఉంటే కరెంటు కనెక్షన్ ఉన్న స్థలం మీ మొదటి ఎంపిక కావాలి. గ్రాండ్ కాన్యన్ దక్షిణ అంచున మాథర్ క్యాంప్‌గ్రౌండ్‌లో కనెక్షన్లు లేవు, దగ్గర్లోనే ఉన్న ట్రైలర్ విలేజ్‌లో ఉన్నాయి. యోసెమిటీ పార్కు క్యాంప్‌గ్రౌండ్లలో ఎక్కడా లేవు. జనరేటర్ ఉందిగా అనుకోకండి. నేషనల్ పార్కు క్యాంప్‌గ్రౌండ్లలో రాత్రిపూట జనరేటర్ వేయనివ్వరు, మనకు కావలసింది రాత్రే.

6. బల్లను పడకగా మార్చాల్సివస్తే ఇలా చేయండి

మా మొదటి ప్రయాణంలో నా పడక ఇదే. బల్ల కాలు తీసి, బల్లను రెండు బెంచీల అంచుల మీద కూర్చోబెట్టి, వీపు మెత్తలను మధ్యలో పరుస్తారు. నాలుగు మెత్తలు, వాటి మధ్య మూడు సందులు. పడుకున్నప్పుడు బాగానే ఉంటుంది. తెల్లవారుజామున మూడింటికి నడుము సరిగ్గా ఆ సందులోకి దిగుతుంది. మెత్తల అంచులకు ఉన్న గట్టి కుట్టు పక్కటెముకకు గుచ్చుకుంటుంది. పొద్దున లేచి చూసుకుంటే చర్మం మీద కుట్టు అచ్చు పడి ఉంది.

మొదట బల్ల నాలుగు వైపులా అంచు మీద పూర్తిగా ఆనిందో లేదో అరచేత్తో గట్టిగా నొక్కి చూడండి. కదిలితే అక్కడ పడుకోకండి, బల్లను మళ్లీ సరిగ్గా కూర్చోబెట్టండి. పాత తువ్వాళ్లను తాడులా చుట్టి సందుల్లో దూర్చండి. దానిమీద బొంత పరవండి. పాత చీరలతో కుట్టిన మన బొంత ఈ పనికి ఎంత బాగుంటుందో చెప్పలేను. పలచగా ఉన్నట్టే ఉండి ఎగుడుదిగుళ్లను కప్పేస్తుంది, మడిస్తే దిండంత అవుతుంది. ఆ పైన ఫోమ్ టాపర్, అన్నిటినీ కలిపి బిగించే సాగే దుప్పటి. దుప్పటి లేకుండా పరిస్తే అర్ధరాత్రికి మెత్తలు తలో దిక్కుకు జారతాయి.

పడక కట్టడానికి ఎంతసేపు పడుతుందో గడియారం పెట్టి చూడండి. పది నిమిషాలు దాటితే, రోజంతా నడిచి అలసిపోయిన రాత్రి మీరు దాన్ని కట్టరు. “ఈ ఒక్కరోజుకు సర్దుకుందాం” అంటారు. అందుకే వీలైనంతవరకు బల్లను పడకగానే వదిలేసి, భోజనం బయట మడత కుర్చీల్లో చేయండి.

7. సీప్యాప్‌కు కరెంటు లెక్క వేసుకోండి

బయటి కనెక్షన్ లేని రాత్రుల కోసం ఈ లెక్క. ఇంట్లో ఒక రాత్రి యంత్రాన్ని వాట్ మీటరు ద్వారా నడపండి. నీళ్లు వేడిచేసే హ్యుమిడిఫయర్, వేడి గొట్టం రెండూ మీరు రోజూ వాడినట్టే ఉంచి నడపండి. పొద్దున మీటరు 0.30 కిలోవాట్-అవర్లు చూపిందనుకుందాం. అంటే 300 వాట్-అవర్లు. 12తో భాగిస్తే 25 ఆంప్-అవర్లు. వృథా పోయేది కలుపుకుని 30 అనుకోండి.

అద్దె బండ్లలో తరచూ ఉండే 100 ఆంప్-అవర్ల లెడ్ బ్యాటరీలో సగమే వాడుకోవాలి, అంటే 50. చాలుతుందిగా అనిపిస్తుంది. కానీ చలి రాత్రి ఫర్నేస్ కూడా నడుస్తుంది. అది గ్యాస్‌తో వేడి చేసినా దాని ఫ్యాను బ్యాటరీ మీదే తిరుగుతుంది. నడుస్తున్నప్పుడు సుమారు 7 నుంచి 10 ఆంప్‌లు లాగుతుంది. ఎనిమిది గంటల్లో సగం సేపు నడిచినా కనీసం 28. రెండూ కలిస్తే 58. తెల్లవారేలోపే బ్యాటరీ పడిపోవచ్చు, యంత్రమూ ఫర్నేసూ కలిసి ఆగిపోవచ్చు. అప్పుడు ఒకరు ఊపిరాడక, ఒకరు చలికి, ఇద్దరూ లేస్తారు.

దీనికి దారులు మూడు. హ్యుమిడిఫయర్ ఆపడం, ఇన్వర్టర్ వాడకుండా 12 వోల్టుల అడాప్టర్‌తో నేరుగా నడపడం, యంత్రానికి విడిగా ఒక పోర్టబుల్ లిథియం పవర్ స్టేషన్ (చేత్తో మోసుకెళ్లే పెద్ద బ్యాటరీ) పెట్టుకోవడం. నా అనుభవంలో నిశ్చింతగా ఉండేది మూడోది. 500 వాట్-అవర్లది ఒక రాత్రికి ధారాళంగా సరిపోతుంది, పగలు బండి నడుస్తున్నప్పుడు మళ్లీ నింపుకోవచ్చు. అడాప్టర్ మాత్రం మీ యంత్రానికి చెప్పినదే కొనండి. కొన్ని సీప్యాప్ యంత్రాలు 24 వోల్టులతో నడుస్తాయి, వాటికి వోల్టేజీ పెంచే కన్వర్టర్ అడాప్టర్ కావాలి.

8. బండిని సమంగా నిలపండి

ఇది త్వరగా అయిపోయే పని, అయినా చాలామంది చేయరు. స్పిరిట్ లెవెల్‌ను నేల మీద కాకుండా పడక చట్రం మీద పెట్టి చూడండి, రెండు పడకల మీదా. తల కిందికి ఉంటే రాత్రంతా ముఖం ఉబ్బినట్టుంటుంది, గురకా పెరుగుతుంది. పూర్తిగా సమం చేయలేకపోతే తల వైపు కొద్దిగా ఎత్తుండేలా పడుకునే దిశ మార్చుకోండి. ట్రైలర్ అయితే సమం చేశాక నాలుగు మూలల స్టెబిలైజర్ జాక్‌లు దించండి. ఒకరు దిగితే ఇంకొకరి పడక ఊగడం అప్పుడే తగ్గుతుంది. ఈ జాక్‌లతో ట్రైలర్‌ను పైకి లేపకండి, అవి ఊపు ఆపడానికే.

9. వేడి, గాలి, బయటపడే దారి

రెండు పడకల దగ్గరా చెరొక థర్మామీటరు పెట్టండి. ఒకే బండిలో కిటికీ పక్కన చల్లగా, క్యాబిన్ పైన ఉక్కగా ఉండటం మామూలే. కింద పడుకునేవాళ్లకు చలేసి ఫర్నేస్ పెంచితే పైన ఉన్నవాళ్లు చెమటతో లేస్తారు. ఫర్నేస్ పెంచడం కంటే కింది మనిషికి ఇంకో దుప్పటి ఇవ్వడం మేలు.

పైకప్పు గాలి కిటికీ కొద్దిగా తెరిచి ఉంచండి. మూసేస్తే ఇద్దరి ఊపిరి తేమ గోడలకూ పరుపు అడుగుకూ పడుతుంది. వారం ప్రయాణంలో రెండుసార్లైనా పరుపు ఎత్తి కింద చేయి పెట్టి చూడండి, తడి తగిలితే ఎండలో ఆరబెట్టండి. గ్యాస్ పొయ్యి వెలిగించి బండిని వెచ్చబెట్టకండి. కార్బన్ మోనాక్సైడ్, గ్యాస్ అలారాలు రెండింటి టెస్ట్ బటన్లూ నొక్కి చూడండి. అలా నొక్కినప్పుడు, తలుపు వేసి చెవి ప్లగ్గులు పెట్టుకున్న మనిషికి ఆ మోత వినపడాలి. వినపడకపోతే ఆ పడక దగ్గర బ్యాటరీతో నడిచే ఇంకో అలారం పెట్టండి.

వేర్వేరు చోట్ల పడుకునేవాళ్లు తప్పక చేయాల్సింది ఒకటుంది. పడకగదిలో, చాలావరకు పై పడక దగ్గర కూడా అత్యవసర కిటికీ ఉంటుంది, దాని గొళ్లేలు ఎర్రగా ఉంటాయి. మీ పడక దగ్గరున్నదాన్ని మీరే మీ చేత్తో ఒకసారి తెరిచి మూయండి. నిప్పు అంటుకుంటే ఒకరు ఇంకొకరి దగ్గరికి రాలేకపోవచ్చు. అమ్మకు వేలి బలం చాలక గొళ్లెం రాకపోతే ఆమెను బయటి తలుపు దగ్గరి పడకకు మార్చండి.

10. బయలుదేరకముందే ఒక రాత్రి పడుకుని చూడండి

సొంత బండి అయితే ఇంటి ముందు నిలిపి. అద్దె బండి అయితే మొదటి రాత్రి, తీసుకున్న ఊరికి గంట దూరంలోపు క్యాంప్‌గ్రౌండ్ బుక్ చేసుకోండి. సాల్ట్ లేక్ సిటీలో బండి తీసుకుని ఆ సాయంత్రమే వెస్ట్ ఎల్లోస్టోన్ దాకా 300 మైళ్లకు పైగా నడిపి, చీకట్లో బల్ల ఎలా విప్పాలో వెతుక్కునేవాళ్లను చాలామందిని చూశాను. ఊరి దగ్గరే పడుకుంటే టాపర్ చాలకపోయినా, ప్లగ్గు అందకపోయినా పొద్దున దుకాణానికి వెళ్లి కొనుక్కోవచ్చు.

తరచూ జరిగే పొరపాట్లు

రాత్రి నిద్ర చాలలేదని పగలు బండి నడుస్తుండగా వెనక పడకమీద పడుకోవడం. ఒక్క బ్రేకుకు మనిషి బండి ముందు భాగంలోకి వచ్చి పడతారు. బెల్టు పెట్టుకుని సీట్లోనే కూర్చోవాలి. ట్రావెల్ ట్రైలర్ కదులుతున్నప్పుడు చాలా రాష్ట్రాల్లో అందులో మనుషులు ఉండకూడదు.

పై పడక మీద పగలు సామానంతా పడేసి, రాత్రి దాన్నంతా కిందికి దించడం. దించిన సామాను నడిచే దారిలో ఉంటుంది, రాత్రి లేచినవాళ్లు తట్టుకుని పడతారు. పడకమీద పరుపు తప్ప ఇంకేమీ పెట్టకండి.

సీప్యాప్ వైరును నడిచే దారికి అడ్డంగా లాగడం. గోడ వెంట తిప్పి, టేపుతో అంటించండి.

ఒకే పెద్ద దుప్పటి తెచ్చుకోవడం. ఇది చదివి నవ్వొచ్చు గాని, పడకలు రెండు చూసుకుని దుప్పటి ఒకటే సర్దుకున్నవాళ్లు నాకు ఇద్దరు తెలుసు.

ఎవరితోనూ చెప్పకుండా రాత్రి లేచి సోఫా మీదికి వెళ్లిపోవడం. మెలకువ వచ్చి పక్కన మనిషి లేకపోతే, అడవి మధ్యలో, అవతలివాళ్లకు గుండె ఆగినంత పనవుతుంది. పడుకునే ముందే “నేను ఈ రాత్రి సోఫా మీద పడుకుంటాను” అని చెప్పుకోండి. రాత్రి భోజనమయ్యాక ఒక అరగంట బయట రెండు కుర్చీలు వేసుకుని చుక్కలు చూస్తూ కూర్చోండి, అది మాత్రం కలిసి.

సరిగ్గా కుదిరిందో లేదో ఎలా తెలుస్తుంది?

మొదటి రాత్రి నిద్రను బట్టి తీర్పు చెప్పకండి, కొత్త చోట ఎవరికైనా నిద్ర పట్టదు. మూడు రోజులు పొద్దున్నే, కాఫీకి ముందు, విడివిడిగా ఒక కాగితం మీద నాలుగు విషయాలు రాయండి: ఎన్నిసార్లు మెలకువ వచ్చింది, దేనివల్ల వచ్చింది, ఒంట్లో ఎక్కడ నొప్పిగా ఉంది, చలా ఉక్కా. తర్వాత పక్కపక్కన పెట్టి చూడండి. మెలకువకు కారణం చప్పుడైతే పడక దిశ తిప్పి తల దూరం చేయండి, లేదా మధ్యలో ఒక చిన్న ఫ్యాను పెట్టండి. దాని ఒకే రకమైన హోరులో గురక కలిసిపోతుంది. నొప్పి అయితే మెత్తలు, చలి అయితే దుప్పటి. మధ్యాహ్నం స్టీరింగ్ దగ్గర ఆవలింతలు మొదలైతే కాగితం ఏం చెప్పినా లెక్కలోకి రాదు. ఆ రోజు ప్రయాణం అక్కడితో ఆపి, రాత్రికి రెండు పడకల హోటల్ గది తీసుకోండి.

అప్పటికీ కుదరకపోతే కేఓఏ అనే సంస్థ క్యాంప్‌గ్రౌండ్లలో చాలాచోట్ల చిన్న చెక్క క్యాబిన్లు అద్దెకు ఇస్తారు. బండి పక్కనే క్యాబిన్ దొరికితే ఒకరు అందులో, ఒకరు బండిలో. అమ్మానాన్నలతో వెళ్లినప్పుడు మేం ఇదే చేశాం. నాన్న గురక క్యాబిన్‌లో, అమ్మ మాతో బండిలో. పొద్దున్నే ఆయన ఫ్లాస్కు పట్టుకుని వచ్చి తలుపు తట్టేవారు, కాఫీ తెచ్చారనుకుని తీస్తే ఖాళీ ఫ్లాస్కు, కాఫీ మేం పోయాలి.

పొద్దున బండి కదిలించే ముందు రెండు పనులు మరవకండి. పై పడక నిచ్చెన తీసి కట్టేయండి. సీప్యాప్ నీళ్ల తొట్టి బయటికి తీసి ఖాళీ చేయండి. అందులో నీళ్లుంటే మొదటి మలుపులోనే యంత్రం లోపలికి పోతాయి, ఆ రాత్రికి యంత్రం ఉండదు.